కాకీ, నీటికాకీ

ఉమ్ అల్ క్వైన్‌లో సముద్రం ఒడ్డున నడుస్తుంటే ఒక్కోసారి ఒకే దీపస్తంభం మీద పాలపిట్టా, రామచిలుకా కనిపిస్తాయి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. అంతకు ముందు ఇద్దరికీ పాలపిట్టే. రాష్ట్రం విడిపోయాక పక్షుల పంపకం కూడా జరిగిందన్నమాట. మనకి ఆ రెండూ మన ఊరి పిట్టలే. కానీ ఎమిరేట్స్‌లో పక్షుల జాబితాలు రాసే పెద్దమనుషులు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరు. పాలపిట్ట ఇక్కడి స్థానిక పక్షి. ఇరాక్ నుంచి మన దేశం దాకా దాని సహజమైన ఉనికి ఉందట. రామచిలుక మాత్రం పరాయిది. పంజరాల్లో వచ్చి, తప్పించుకొని, ఖర్జూరపు చెట్ల తొర్రల్లో సంసారం పెట్టింది.

ఆ జాబితాల్లో తరగతులుంటాయి. తనంతట తాను వచ్చిన పక్షి 'ఎ'. మనుషుల వల్ల వచ్చి, ఇక్కడే పిల్లల్ని పెట్టి, తరతరాలుగా ఎవరి పోషణా లేకుండా నిలదొక్కుకున్నది 'సి'. నిన్న మొన్న పంజరం తప్పించుకున్నది 'ఇ'. ఈ పద్ధతి బ్రిటిష్ వాళ్ళ జాబితాల నుంచి వచ్చింది. అక్కడైతే 'ఎ' తరగతికి 1950 అని ఒక కటాఫ్ కూడా పెట్టుకున్నారు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. స్థానికత, కటాఫ్, కేటగిరీ - ఈ మాటలు తెలుగువాడికి కొత్తగా నేర్పాలా? 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాదు సంస్థానంలో ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు అక్కడ కాపురం ఉండాలి, పైగా సొంత ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని అఫిడవిట్టు ఇవ్వాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాక వరసగా నాలుగేళ్ళ చదువు లెక్కకొచ్చింది. ఆ అఫిడవిట్టు రామచిలుక చేత రాయించగలిగితే బాగుణ్ణు.

నేను ఉమ్ అల్ క్వైన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఏడు ఎమిరేట్లలో జనాభా అతి తక్కువది ఇదే. దుబాయి వాళ్ళు దీన్ని ఊరికింద కూడా లెక్కపెట్టరు. కానీ పక్షులకు పెద్ద పట్నం. ఊరికి తూర్పున ఖోర్ అల్ బైదా అనే ఉప్పుటేరు ఉంది. మడచెట్లూ, బురదమేటలూ, ఆటుకి మునిగి పోటుకి తేలే - కాదు, పోటుకి మునిగి ఆటుకి తేలే - ఇసుక తిన్నెలూ. శీతాకాలంలో సైబీరియా కొండల్లో గుడ్లు పెట్టే గ్రేట్ నాట్ పక్షులు ఇక్కడికి వస్తాయి. ప్రపంచం మొత్తం మీద అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి అది. నలుపు తెలుపుల క్రాబ్ ప్లోవర్ బురదలో పీతల్ని వెతుక్కుంటూ పొడుగుకాళ్ళ మీద తిరుగుతుంటుంది. వీటి గురించి స్థానికతా తగాదా ఎవరూ పెట్టరు. వస్తాయి, తింటాయి, పోతాయి. మా కాంట్రాక్టు లాంటిదే.

తగాదా అంతా ఉండిపోయిన వాటితోనే.

చమురు డబ్బుతో ఎడారికి నీళ్ళొచ్చాయి. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేశారు, మురుగునీళ్ళని శుద్ధి చేసి పచ్చికకి పెట్టారు. ఇసుక ఉన్నచోట పార్కులూ, రోడ్ల పక్కన వేపచెట్లూ లేచాయి. ఆ పచ్చదనం వెనకే గోరింకలొచ్చాయి. రామచిలుకలు పెరిగాయి. పాలపిట్టా, తీతువు పిట్టా తమకున్న కొద్దిపాటి చోటు నుంచి బయటికి వచ్చి దేశమంతా పరుచుకున్నాయి. అంటే 'ఎ' తరగతి పాలపిట్ట కూడా ఇంత విరివిగా కనిపిస్తోందంటే అది మనిషి పెట్టిన నీళ్ళ చలవే. ఇక తనంతట తాను వచ్చిందనే మాటకి అర్థం ఏమిటో నాకు సరిగా బోధపడదు. నీళ్ళు పెట్టింది మనిషి, పచ్చిక వేసింది మనిషి, ఆ పచ్చిక కత్తిరించింది బహుశా ఏ జగిత్యాల మనిషో.

కాకి సంగతి వేరు. మనం రోజూ చూసే బూడిదరంగు మెడ కాకి ఓడలెక్కి లోకమంతా తిరిగింది. 1890ల్లో జాంజిబార్‌లో చెత్త ఏరి పెడుతుందని దాన్ని తెప్పించారు. అదే రోజుల్లో మలయాలోని క్లాంగ్ ప్రాంతానికి తోటల్లో పురుగులు ఏరటానికి తీసుకుపోయారు. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కూలీలని మలయా తోటలకి ఓడల్లో ఎక్కించిన కాలమూ ఇంచుమించు అదే. పని కోసం పిలిపించారు, పని అయ్యాక ఎక్కువైపోయారన్నారు - కాకి విషయంలో చెబుతున్నాను. గల్ఫ్ తీరానికి మాత్రం ఎవరూ పిలవలేదు. ఓడల వెంట తనే వచ్చింది. మనిషి లేనిచోట బతకలేని పక్షి అది. మన ఎంగిలే దాని పొలం.

కాకి చేసే నష్టం కట్టుకథ కాదు. ఫుజైరా దాటాక ఖోర్ కల్బా మడ అడవుల్లో ఒక రకం లకుముకి పిట్ట ఉంది. ఆ ఉపజాతికి కల్బా పేరే పెట్టారు. ఉన్నవి కొద్ది పదుల జంటలు. వాటి గూళ్ళకి కాకుల బెడద ఒక ముఖ్యమైన ప్రమాదం. యెమెన్ కింద సొకోట్రా దీవికి 1990ల్లో కొన్ని కాకులు చేరితే, ఆ దీవి పక్షులు ఏమైపోతాయోనని భయపడి, గూళ్ళలోంచి కాకిపిల్లల్ని తీసుకొస్తే ఊరిపిల్లలకి డబ్బులిచ్చారు. చివరికి 2009లో మిగిలిన పెద్ద కాకుల్ని కాల్చి మొత్తం తుడిచిపెట్టారు. ఒమన్‌లోని ధోఫార్‌లో ఈ మధ్యనే, 2022 చివర్లో, కాకుల మీదా గోరింకల మీదా పెద్ద ఎత్తున ఏరివేత మొదలుపెట్టారు.

పక్షుల్ని చూడ్డం అలవాటైన కేరళ మిత్రుడొకాయన నాతో ఈ మాటలే చెప్పి, "ఇక్కడా అదే చెయ్యాలి" అన్నాడు. లెక్క ప్రకారం ఆయనన్నదే నిజమనిపించింది. కానీ ఆ వారంలోనే మా నాన్నగారి తద్దినం. విజిట్ వీసా మీద వచ్చిన మా అమ్మ, మిద్దె మీద ఆకులో పిండం పెట్టి, "కావ్ కావ్" అని పిలిచింది. మా ఊళ్ళో అరగంట పిలిచినా రాని కాకి ఇక్కడ రెండు నిమిషాల్లో వాలింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఆయన ఇంత దూరం వచ్చారు చూడరా" అంది. నేను మెల్లిగా ఈ కాకి ఈ దేశానికి పరాయిదనీ, కొన్నిచోట్ల చంపేస్తున్నారనీ చెప్పాను. "కాకికి వీసా ఏమిట్రా!" అంది.

ఆ మాటకి నవ్వి ఊరుకోవచ్చు. కానీ అందులో ఒక వాదం ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కల్బాలో గుడ్డు పగిలి బయటికొచ్చిన కాకి బొంబాయి చూడలేదు. దాని తల్లీ చూడలేదు. ఓడెక్కింది దాని ముత్తాతకి ముత్తాత. వచ్చిన నేరం దీనిది కాదు. దీనికి తెలిసిన చెట్టూ, నీళ్ళూ, చెత్తకుండీ అన్నీ ఇక్కడివే. ఇక్కడే పుట్టి, ఇక్కడే పన్నెండో క్లాసు చదివి, నాన్న ఉద్యోగం పోగానే చూడని ఊరికి 'తిరిగి' వెళ్ళాల్సొచ్చే పిల్లల్ని మనందరం చూస్తూనే ఉన్నాం. వాళ్ళ విషయంలో అన్యాయం అనిపించేది కాకి విషయంలో న్యాయం ఎలా అవుతుంది? మనిషీ పక్షీ ఒకటి కాదు గనక అనటం సులువు. కానీ పరాయి అన్న మాట ఒకటే. దాన్ని పక్షి మీద తేలిగ్గా వాడటం అలవాటైన నోటికి మనిషి మీద వాడటం కష్టం కాదు.

అందుకని నేను చాలాకాలం ఈ స్థానికత అన్నదే బూటకం, ముందొచ్చిన వాడు వెనకొచ్చిన వాడిని తరమటానికి కట్టుకున్న మాట అని వాదించేవాణ్ణి. ఎంత ముందు? ఖోర్ అల్ బైదా పక్కనే అకాబ్ అనే దీవిలో అయిదువేల ఏళ్ళ కిందటి మనుషులు సముద్రపు ఆవుల ఎముకల్ని వరసగా పేర్చిన దిబ్బ బయటపడింది. వాళ్ళ లెక్కలో ఇక్కడ ఉండాల్సినవి వేరు. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో ఒక చిన్న వ్యాసంలో చెప్పిన మాట ఉంది. ప్రతి తరమూ తను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది, దాన్నుంచే తరుగుని కొలుస్తుంది, ముందటి తరం పోగొట్టుకున్నది లెక్కలోకే రాదు. నేను వచ్చిన ఏడాది చూసిన ఉప్పుటేరే నాకు అసలు ఉప్పుటేరు. ముసలి జాలరికి అది అప్పటికే సగం పాడైన ఉప్పుటేరు కావచ్చు.

ఆ వాదం మీద నాకు పట్టు తప్పింది నీటికాకి వల్ల.

తెలుగులో కార్మొరాంట్‌ని నీటికాకి అంటాం. ఆ ఇంగ్లీషు మాట కూడా లాటిన్‌లో సముద్రపు కాకి అనే మాట నుంచి పుట్టిందే. ఎక్కడెక్కడి వాళ్ళకీ ఆ నల్లరంగు చూసి ఒకటే తోచినట్టుంది. ఇక్కడిది సొకోట్రా నీటికాకి. 1899లో సొకోట్రా నుంచి తెచ్చిన పక్షిని చూసి శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు గానీ, దాని ముఖ్యమైన కాపురం గల్ఫ్ దీవుల్లో. అరేబియా తీరం తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా గుడ్లు పెట్టదు. ఎమిరేట్స్‌లో దాని అతిపెద్ద స్థావరం ఉమ్ అల్ క్వైన్ ఎదురుగా ఉన్న సినియా దీవి. ఎండలు ఇంకా మండుతున్న రోజుల్లో, వేసవి చివర, వేల జంటలు అక్కడి ఇసుకలో గుంట చేసి గుడ్లు పెడతాయి. చెట్టు మీద కాదు, నేల మీదే. కాళ్ళ కింద ఇసుక కాలుతుంటే గొంతు సంచి అల్లాడిస్తూ పిల్లలకి తమ నీడ పడేట్టు నిలబడతాయి. నేల మీద గూడు కట్టే పక్షికి మనిషి అడుగు చాలు. మనిషి వెంట వచ్చే పిల్లీ, నక్కా చాలు. జనం వెళ్ళని దీవులే దానికి దిక్కు. 1960ల తర్వాత గల్ఫ్‌లో అలాంటి దీవులు ఒక్కొక్కటే తగ్గాయి. కొన్నిచోట్ల చమురు పనులొచ్చాయి, కొన్నిచోట్ల విహారాలు, 1991 యుద్ధంలో సముద్రం మీద చమురు పరుచుకుని మరికొన్ని వేలు పోయాయి.

సినియా మిగిలింది ఒక విషాదం వల్ల. అక్కడ ముత్యాల వేటగాళ్ళ పెద్ద ఊరు ఉండేది. 1820 జనవరిలో బ్రిటిష్ నౌకలు ఈ తీరాన్ని కొట్టాక ఊరు పాడుబడింది. జనం ఇవతలి ఒడ్డుకి వచ్చేశారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళలో మనుషులు పెద్దగా కాలుపెట్టలేదు. 2022 నవంబరులో ఆ దీవిలోనే వెయ్యేళ్ళకి పైబడిన క్రైస్తవ ఆశ్రమం బయటపడిందని ప్రకటించారు. మనుషులు ఖాళీ చేసిన చోటు పక్షులది అయింది. ఏది ముందు, ఏది వెనక అని ఇక్కడ అడిగితే ముత్యాల ఊరు వాళ్ళ మనవలదే దీవి. నీటికాకి ఓడిపోతుంది.

ఓడిపోవాలా అన్నదే నన్ను ఆపింది. ముందెవరు వచ్చారన్నది కాదు, ఇది పోతే ఇంకెక్కడికి పోగలరన్నది అసలు ప్రశ్న అనిపించింది. కాకికి కల్బా పోతే కరాచీ ఉంది, కాకినాడ ఉంది, మొంబాసా ఉంది. కాకి జాతికి లోకంలో ఏ లోటూ లేదు. నీటికాకికి ఈ సముద్రం పోతే మరో సముద్రం లేదు. కల్బా లకుముకికి ఆ మడ అడవి పోతే మరో అడవి దాదాపు లేదు. కాకి పరాయిది కాబట్టి కాదు, లకుముకికి దిక్కు లేదు కాబట్టి కల్బాలో కాకి అడ్డు తప్పుకోవాలి. ఈ రెండు కారణాలకీ ఫలితం ఒకటేగా అంటాడు నా కేరళ మిత్రుడు. ఒకటి కాదు. మొదటి కారణంతో వెళితే ఉమ్ అల్ క్వైన్ బజార్లో చేపల దుకాణం ముందు తిరిగే కాకిని కూడా చంపాలి. రెండో కారణంతో వెళితే దాని జోలికి పోనక్కరలేదు. పైగా తుపాకీ కంటే ముందు చెత్తకుండీకి మూత పెట్టాలి. రోజూ ఎంగిలి వేసి పెంచి, ఎక్కువయ్యాయని కాల్చటం ఏం న్యాయం?

ఈ కొలతని మనుషుల దగ్గరికి తెస్తే మాత్రం చెయ్యి వణుకుతుంది. సినియా దీవి మీద ఇళ్ళూ హోటళ్ళూ కట్టే 67.5 కోట్ల డాలర్ల పథకం గురించి 2022 నాటి పత్రికల్లోనే వచ్చింది. ఈ చుట్టుపక్కల నిర్మాణాల్లో కాంక్రీటు పనికి వచ్చిన నిజామాబాద్ తమ్ముడొకడు శుక్రవారాలు మా ఇంటికి వస్తుంటాడు. గోదావరి రొయ్యల పులుసు తింటూ నేను చెప్పేదంతా విని, "గా పిట్టలు ఏడికి పోతయన్నా?" అని అడిగాడు. పోవటానికి చోటు లేదని చెప్పాను. కాసేపు ఊరుకుని, "నాకు గూడ లేదన్నా, ఏజెంటు అప్పు తీరేదాంక" అన్నాడు. వేరే చోటు ఉండటం అంటే పటంలో ఊరు ఉండటం కాదు. కాకినాడకి ఎగిరిపోయిన కాకిని ఎవరూ వడ్డీ అడగరు. అందుకే ఈ ప్రశ్నని కూలీని అడగకూడదు. దీవి మీద నాలుగో ఇల్లు కొనేవాణ్ణి అడగాలి. అతనికి ఎక్కడైనా సముద్రం కనిపించే కిటికీ దొరుకుతుంది.

ఇలాంటి చిక్కు మన కొల్లేరులో ముందే పడింది. 1960 ప్రాంతంలో ఇ.పి. జీ అనే ప్రకృతి పరిశీలకుడు కొల్లేరు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరం గురించి రాశాడు. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయిపోయింది. ఆ తర్వాత చేపల చెరువులు సరస్సుని మింగాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్సర్ జాబితాలో చేర్చారు, 2006లో చెరువుగట్లని మందుపాతరలు పెట్టి పేల్చారు. ఆ గట్ల మీద పెట్టుబడి పెట్టిన పెద్దలకి భీమవరంలోనో హైదరాబాదులోనో వేరే వ్యాపారాలున్నాయి. ఆ నీళ్ళే ఆధారమైన వడ్డీలకి లేవు. పక్షికీ వడ్డీకీ మధ్య తగువుగా దాన్ని చూపించినవాళ్ళే ఎక్కువ, ఆ ఇద్దరికీ వేరే చోటు లేదని చూసినవాళ్ళు తక్కువ. గూడబాతులు మాత్రం ఆటపాక దగ్గర మళ్ళీ గూళ్ళు పెట్టాయి. చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతితే వాటి మీదే పిల్లల్ని లేపుతున్నాయి. చూసి సంతోషించాను. కానీ ఆ కిటుకు సినియాకి పనికిరాదు. నీటికాకి స్టాండు ఎక్కదు. దానికి కావలసింది మనిషి రాని ఇసుక. అది ఇనుముతో చేసేది కాదు.

మా కేరళ మిత్రుడితో కాకుల తగువు ఇంకా తెగలేదు. ఒకవేళ ఇక్కడ కూడా ఏరివేత మొదలైతే, అది కల్బా మడ అడవుల వరకే అయితే, నేను అడ్డుచెప్పను. మా అమ్మకి ఈ మాట ఫోన్‌లో చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. రెండ్రోజులాగి తెనాలిలో మా పురోహితుణ్ణి అడిగి తనే ఫోన్ చేసింది. కాకి దొరకనిచోట పిండాన్ని నీళ్ళలో కలపొచ్చుట, నిలవనీళ్ళు కాకుండా ఉంటే మంచిదట. ఇక్కడి ఉప్పుటేరులో రోజూ ఆటుపోట్లుంటాయని చెప్పాను. చేపలుంటాయా అని అడిగింది. చిన్నచేపలు చాలా ఉంటాయి, నీటికాకులు వాటి కోసమే వస్తాయి అన్నాను. "అయితే సరే" అంది.